మా మామ వేలిమీది గీత

మొన్న మా కాలనీ హాల్లో ఆరోగ్యశాఖ వాళ్లు కుక్కకాటు గురించి మీటింగ్ పెట్టారు. సూర్యాపేటలో ఈమధ్య వీధికుక్కలు ఎక్కువయ్యాయి. కూరగాయల సంచీతో నడుస్తుంటే ఇంటిదాకా వెనకాలే సాగనంపుతాయి. మీటింగుకు వచ్చినవాళ్లలో సగం మంది టీ బిస్కెట్ల కోసం వచ్చినవాళ్లే, ఆ సగంలో నేనూ ఉన్నాను. డాక్టరమ్మాయి మా మనవరాలి వయసుది, మైకు పట్టుకుని "మీలో ఎవరినైనా ఎప్పుడైనా కుక్క కరిచిందా?" అని అడిగింది. నేను చెయ్యెత్తాను. "ఎప్పుడమ్మమ్మా?" అంది. "పోలీస్ యాక్షన్ కాకముందు" అన్నాను. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ పిల్ల మాత్రం పోలీస్ యాక్షన్ అంటే ఏమిటో తెలియక పక్కనున్న నర్సు వైపు చూసింది. తర్వాత తెరమీద ఒక బొమ్మ వేసింది. ఎవరిదో చెయ్యి, దానిమీద సన్నటి ఎర్రగీత. రక్తం కూడా సరిగ్గా రాలేదు. "ఇది కూడా కాటు కిందే లెక్క. ఇలాంటివే అందరూ వదిలేస్తారు" అని చెబుతోంది. నా చేతిలో టీ చల్లారిపోయింది. ఆ గీతను నేను చూశాను. అది మా మేనమామ కుడిచేతి చూపుడువేలి మీద ఉండేది.

మా అమ్మకు ఒక్కడే తమ్ముడు. అమ్మమ్మగారి ఊరు కోదాడకు దగ్గర, బండి మీద పొద్దున బయల్దేరితే ఎండ ఎక్కకముందే చేరేంత దూరం. మామ పొడగరి, చెవులకు పోగులుండేవి, నవ్వితే ముందు భుజాలు కదిలేవి. ఆయనకొక వింత అలవాటు ఉండేది. ఎడ్లను 'మీరు' అని పిలిచేవాడు. "లేవుండ్రి సారూ, పొద్దెక్కింది" అని వాటిని లేపేవాడు. అదే నోటితో అన్నం ఆలస్యమైతే మా అమ్మమ్మను "ఏందే ముసల్దానా" అనేవాడు. అమ్మమ్మ గరిటె విసిరేది. పెళ్లయి ఎక్కువ కాలం కాని మా అత్తమ్మ తలుపు చాటున కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. ఆమె పుట్టిల్లు మిర్యాలగూడ. మాట నెమ్మది, నడక నెమ్మది. నలుగురిలో గొంతెత్తడం ఆమెకు అప్పటికి చేతకాదు.

రజాకార్లు ఎప్పుడు ఏ ఊరిమీద పడతారో తెలియని కాలమది. సూర్యాపేట దగ్గరి మా ఊరికంటే, అవసరమైతే నిజాం సరిహద్దు దాటి ఇండియన్ యూనియన్‌లోకి పోవడానికి వీలైన కోదాడ వైపే మేలని నాన్న నన్నూ అమ్మనూ ఎండాకాలం మొదట్లోనే అమ్మమ్మ ఇంట్లో దించిపోయాడు. నాకు తొమ్మిదేళ్లు. పెద్దవాళ్ల భయాలు పెద్దవాళ్లకే వదిలేసి, చింతకాయలు కొట్టి గింజ తీసే పనిలో పడ్డాను. ఆ రోజు పొద్దున వాకిట్లో అదే పని చేస్తున్నాను. ముందు చింతపండు కుప్ప, పక్కన రాయి, వేళ్లన్నీ జిగురు. ఒక కుక్క తోక వేలాడేసుకుని గోడ పక్క నుంచి వచ్చింది. దవడ జారిపోయి ఉంది, చొంగ కారుతోంది. మొరగలేదు. నా వైపు చూసినట్టు కూడా లేదు. వచ్చి ఊరికే నా కాలి పిక్క పట్టుకుంది.

నేను అరిచానో లేదో గుర్తులేదు. మామ కొట్టంలోంచి పరుగెత్తుకొచ్చాడు. కర్ర వెతికే తీరిక లేదు. రెండు చేతులతో దాని దవడలు పట్టి విడదీశాడు. దాన్ని గుంజి అవతలకు విసిరేస్తే, లేచి తూలుకుంటూ పొలాలవైపు పోయింది. అక్కడ జీతగాళ్లు కర్రలతో కొట్టి చంపారని తర్వాత చెప్పారు. నా పిక్కలో పళ్లు లోతుగా దిగాయి. మామ వేలి మీద మాత్రం ఒక గీత, అంతే. రేగుకంప గీరుకున్నా అంతకంటే ఎక్కువ రక్తం వస్తుంది. అమ్మమ్మ చూసి దానికి పసుపు అద్దింది. "జర కాలిపోయినట్టు మండుతది" అని మామ నోట్లో పెట్టుకోబోతే, ఆయన చేతిమీద ఒకటి వేసింది. ఆ వేలి సంగతి ఆ ఇంట్లో అక్కడితో అయిపోయింది.

నా కాలికి మాత్రం ఊరంతా వైద్యమే. ఒకరు కారం పెట్టారు, ఒకరు ఏదో ఆకు పసరు పోశారు, ఒకరు తాయత్తు కట్టారు. కుక్క కరిచిన మనిషి ఊరి బావులన్నీ తొంగి చూడాలని ఇంకొకరు చెప్పారు. అలా చూడకపోతే కడుపులో కుక్కపిల్లలు పుడతాయట. మామ నన్ను చంకనేసుకుని బావి బావికీ తిప్పాడు. నేను భయపడుతుంటే నాతోపాటు తానూ వంగి తొంగి చూసేవాడు. కింద నీళ్లలో రెండు తలలు కనిపించేవి. "సూడే, నీకంటె నేనే సక్కగున్న" అనేవాడు. నేను ఏడుపు మధ్యలోనే నవ్వేదాన్ని.

ఇన్ని చేశాక కూడా ఆయనకు మనసు ఒప్పలేదు. చిన్నతనంలో ఆయన కోదాడలో పిచ్చికుక్క కరిచిన మనిషిని చూశాడట. ఆ చూసినదాన్ని ఎవరికీ చెప్పలేదు, చెప్పమన్నా చెప్పేవాడు కాదు. "బెజవాడల బొడ్డు సుట్టూ సూదులిస్తరంట. పిల్లకు ఇప్పిద్దాం. గీ పసర్లతోటి కాదు" అన్నాడు. దారిలో సరిహద్దు ఉంది, కాపలా ఉంది, బళ్లను ఆపి దించేస్తున్నారు. అమ్మమ్మ వద్దంది. పెద్దమనుషులు ఆలోచించి చేద్దామన్నారు. మామ ఎవరి మాటా వినలేదు. ఎడ్లతో "మీరు జర నడవాలె సారూ, పిల్ల పాణం" అని చెప్పి, నన్నూ అమ్మనూ బండెక్కించాడు.

రోడ్డు మీద పోలేదు. చేలగట్ల వెంట, కంపల మధ్య నుంచి పోయాం. జవాన్లు నీడపట్టున కునుకు తీసే మిట్టమధ్యాహ్నం వేళ చూసి పాలేరు వాగు దాటాం. ఎండాకాలం కాబట్టి నీళ్లు మోకాలి లోతే. బండి చప్పుడు చేస్తుందని దాన్నీ ఎడ్లనూ ఇల్లు చేర్చమని ఇవతలే ఒక తెలిసినాయనకు అప్పజెప్పి, మామ నన్ను భుజాల మీద ఎక్కించుకుని వాగులో దిగాడు. మధ్యలో ఆగి, వంగి, దోసిలితో నీళ్లు తాగాడు. ఆయన గొంతులో నీళ్లు దిగుతుంటే ఆ కదలిక నా తొడలకు తెలిసింది. ఎందుకు గుర్తుందో తెలియదు. ఆ రోజు ఎండా, భయం, అమ్మ ఏడుపూ అన్నీ మసకబారాయి గాని, ఆయన అలా తృప్తిగా నీళ్లు తాగడం మాత్రం ఈనాటికీ నా ఒంటికి గుర్తుంది.

బెజవాడ ఆసుపత్రిలో నన్ను బల్లమీద పడుకోబెట్టారు. డాక్టరుగారు కళ్లజోడు పైకి తోసి గాయం చూశారు. మామ నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. "పిల్లనేనా, ఇంకెవర్నైనా కరిచిందాండీ?" అని అడిగారు. "లేదు దొరా. పిల్లనొక్కదాన్నే. అంతల నేను పట్టేసిన" అన్నాడు మామ. దాచిపెట్టి అన్న మాట కాదది. ఆయన లెక్కలో, మా అందరి లెక్కలో, కుక్క ఆయన్ను కరవలేదు. ఆ గీత అప్పటికే మానిపోయింది. మానిన ఆ వేలే నా చేతిని పట్టుకుని ఉంది. డాక్టరుగారు తలూపి సూది తీసుకున్నారు.

ఆ సూదులు ఒకటిరెండు కాదు, రోజుకొకటి. సత్రంలో మాలాగే సరిహద్దు దాటి వచ్చినవాళ్ల మధ్య ఇంత చోటు దొరికింది. రోజూ పొద్దున మామ నన్ను ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. పొట్ట మీద నిమ్మకాయలంతేసి గడ్డలు కట్టాయి. నేను తన్నేదాన్ని, కొరికేదాన్ని. "కొరుకు బిడ్డా, కుక్క కరిస్తే భయం గాని నువ్వు కొరికితే ఏం గాదు" అనేవాడు. కాంపౌండరుకు నవ్వొచ్చేది. అన్ని పొద్దులూ ఆయన ఆ మందు సీసాకు చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడ్డాడు. నాకు నిద్ర పట్టని వేళల్లో ఇప్పటికీ ఆ బల్ల, ఆ సీసా, ఆ పక్కన ఆయన కనిపిస్తారు.

తిరిగొచ్చే దారులన్నీ మూసుకుపోయి, వానాకాలం ఆ వైపే గడిచింది. పోలీస్ యాక్షన్ అయ్యాక బళ్లు బారులు కట్టి ఇళ్లకు మళ్లాయి. మేమూ వచ్చాం. అమ్మమ్మ ఇల్లు నిలబడే ఉంది, ఎడ్లు నిలబడే ఉన్నాయి. అత్తమ్మ ఆ నెలలన్నీ మామ కోసం ఎదురుచూసి సన్నబడింది. ఊళ్లో అందరూ ఒకరినొకరు ముట్టుకుని చూసుకుంటున్నట్టుండేది. అంతలో బతుకమ్మ పండుగ వచ్చింది. మామ చేలగట్ల మీద గునుగుపూలు కోసి మోపు కట్టి తెచ్చాడు. మోపు దించుతూ "ఈ వేలు ఎందుకో తిమ్మిరెక్కుతున్నది" అన్నాడు. అత్తమ్మ నూనె రాసింది.

మర్నాడు పొద్దున మజ్జిగ చెంబు ఎత్తాడు. గొంతు దగ్గర ఏదో పట్టేసినట్టయి దించాడు. "ఏమో అడ్డం పడ్డది" అని నవ్వాడు. మళ్లీ ఎత్తాడు. ఈసారి ఒళ్లంతా బిగుసుకుంది. కాసేపాగి మూడోసారి ఎత్తకుండానే, చెంబును చేతితో దూరంగా జరిపి, దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఎదురుగా నేనున్నాను. ఆ చూపులో మొదట వెతుకులాట ఉంది. తర్వాత అది ఆగిపోయింది. తన కుడిచెయ్యి ఎత్తి వేలు చూసుకున్నాడు. "అమ్మా, పిల్లను ఇంట్ల ఉంచకుండ్రి" అన్నాడు అమ్మమ్మతో. గొంతు మామూలుగానే ఉంది. "నన్ను కూడ ఇంట్ల ఉంచకుండ్రి."

గాలి తగిలినా గిలగిల్లాడుతున్నాడని బండికి చుట్టూ దుప్పట్లు కట్టి సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ ఏం జరిగిందో అత్తమ్మ తర్వాత ఎన్నోసార్లు, ఎప్పుడూ అవే మాటల్లో చెప్పింది. డాక్టర్ సాబు ముసలాయన, మెత్తటి మనిషి. మామను చూసి, బయటకొచ్చి అరుగు మీద అత్తమ్మ పక్కన కూర్చున్నాడట. "ఇప్పుడు నాతాన మందు లేదు బేటీ. దునియాల ఎవ్వరితాన లేదు" అన్నాడట. కుక్క కరవలేదు, గీరుకుందంతే, అని అత్తమ్మ చెప్పింది. "పండ్లు దిగాల్సిన పనిలేదమ్మా. తోలు గీరుకుపోయి ఉమ్మి తగిలినా సాలు. అప్పుడే సబ్బు పెట్టి నీళ్ల ధార కింద సానసేపు కడిగి, సూదులకు తోలుకపోతే బతికేటోడు." ఈమె మళ్లీ అడిగిందట, "బతికేటోడా?" అని. "బతికేటోడు." మళ్లీ అడిగింది. ఆయన మళ్లీ చెప్పాడు. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోలేదట.

తిరిగి తెచ్చి, ఆయన కోరినట్టే కొట్టం పక్కనున్న చొప్పగదిలో ఉంచారు. నన్ను పక్కింట్లో పెట్టారు. రెండిళ్లకూ ఒకటే గోడ. కుక్క కరిచి పోయేవాడు మొరుగుతాడని ఊరి నమ్మకం. అది వినడానికి జనం గోడవారన నిలబడ్డారు. కొందరు పిల్లల్ని కూడా ఎత్తుకొచ్చారు. ఆయన మొరగలేదు. గోడకు చెవి ఆనించి ఉన్నదాన్ని నేను. ఊపిరందక గొంతు బొంగురుపోయి ఏదో శబ్దం వచ్చేది, అది మనిషి బాధే. ఆ బాధ ఆగిన నడుమల్లో తెలివిగా మాట్లాడాడు. అత్తమ్మను దగ్గరికి రావద్దన్నాడు. ఒకసారి "వాళ్లకు మేతేసిండ్రా?" అని అడిగాడు. ఎడ్ల గురించి. పొద్దు వాలకముందే గది నిశ్శబ్దమైపోయింది. ఆయన మొరిగాడనే ఆ ఊళ్లో చాలాకాలం చెప్పుకున్నారు. నేను విన్నప్పుడల్లా కాదని చెప్పాను. చిన్నప్పుడు చెబితే పిల్ల మాటన్నారు, ఇప్పుడు చెప్పడానికి అన్నవాళ్లెవరూ లేరు.

కర్మలయ్యాక మిర్యాలగూడ నుంచి అత్తమ్మ అన్నదమ్ములు బండి కట్టుకుని వచ్చారు. ఆమె పోనంది. అమ్మమ్మను ఆ స్థితిలో వదల్లేక అమ్మా నేనూ కూడా అక్కడే ఉండిపోయాం. అమ్మమ్మా అత్తమ్మా ఆ ఇంట్లో ఒకరికొకరు ఎదురుపడకుండా తిరిగేవారు. నాతో అత్తమ్మ మాట్లాడేది కాదు. అన్నం పెట్టేది, జడ వేసేది, కాని నా కాలివైపు చూపు పోకుండా జాగ్రత్తపడేది. నావల్ల ఆయన పోయాడని ఎవరూ నోరు తెరిచి అనలేదు. అననిది ఇల్లంతా తెలిసేది.

చలికాలంలో ఒకరోజు పాలు పోయించుకోవడానికి వచ్చినామె, పక్కూరి గొల్లవాళ్ల పిల్లను కుక్క గీరిందని మాటల్లో చెప్పింది. అత్తమ్మ చేస్తున్న పని వదిలేసి లేచింది. సబ్బు బిళ్ల కొంగున ముడేసుకుంది. మా అమ్మ దగ్గరికొచ్చి "వదినా, పిల్లను జర నాతోటి తోలియ్యి" అంది. అమ్మకు ఇష్టం లేకపోయినా కాదనలేకపోయింది.

ఆ ఇంటివాళ్లు మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డారు. ఆ చావు సంగతి చుట్టుపక్కల అన్ని ఊళ్లకూ తెలుసు. దాని గుర్తుగా బొట్టులేని మొహంతో, భర్త పోయిన ఆడమనిషి గడపలోకి రావడం వాళ్లకు ఎట్లుంటుంది? "మా ఇంటికి ఏ ముఖం పెట్టుకోని వచ్చినవ్?" అన్నాడు ఆ పిల్ల తండ్రి. అత్తమ్మ నన్ను ముందుకు జరిపింది. "నా ముఖం సూడకు. ఈ పిల్ల కాలు సూడు" అంది. నేను పరికిణీ ఎత్తి పిక్క మీద మచ్చ చూపించాను. "ఇదీ, మా ఆయనా ఒక్క కుక్కకే చిక్కిండ్రు. దీనికి కండ ఊడింది, ఆయనకు గీత పడ్డది. ఇది సూదులేయించుకున్నది, నీ ముందట నిలబడ్డది."

"మేం పసరు పోయించినం. తాయత్తు కట్టినం" అన్నాడతను.

"దీనికీ కట్టిండ్రు. అయినా ఆయన దీన్ని బెజవాడ తోలుకపోయిండు."

ఆమె గొంతు పెరగడం నేను వినడం అదే మొదలు. నీళ్లు అడిగి తీసుకుని, పిల్ల మోచేతి మీది గీరుడును సబ్బుతో కడిగింది. పిల్ల ఏడుస్తున్నా కడుగుతూనే ఉంది. పసరు మరకంతా పోయింది. తర్వాత గడప మీద కూర్చుంది. పొమ్మన్నారు, పోలేదు. వాళ్ల పనికి వాళ్లు మందలు తోలుకుపోయారు, వంటలయ్యాయి, మాకెవరూ నీళ్లు కూడా ఇవ్వలేదు. నాకు ఆకలేసి ఏడుపొచ్చింది. ఆమె కదల్లేదు. మధ్యాహ్నం దాటాక లోపల్నుంచి ఆ పిల్ల నాయనమ్మ వచ్చి, నా కాలు మళ్లీ ఒకసారి చూపించమని, మచ్చను చేత్తో తడిమి చూసింది. "పోయొద్దాం పారా" అంది కొడుకుతో. అప్పటికి సరిహద్దు అడ్డం పోయింది. కోదాడ దాకా బండిలో, అక్కణ్నుంచి లారీలో బెజవాడ తీసుకుపోయారు. ఆ పిల్ల బతికింది. కోదాడలోనే పెళ్లయి పిల్లలు గలదైంది. నేను బడిపంతులమ్మనయ్యాక ఒకసారి బస్టాండులో కనిపించి, తన మోచెయ్యి చూపించి నవ్వింది.

ఆ తర్వాత అత్తమ్మ ఎక్కడ కుక్క కరిచిందని విన్నా నన్ను వెంటబెట్టుకుని పోయేది. ఎన్ని గడపల ముందు పరికిణీ ఎత్తి నిలబడ్డానో! పిల్లలు ఆమెకు 'సబ్బత్త' అని పేరు పెట్టారు. పెద్దవాళ్లు మొదట్లో ఆమె వస్తోందంటే తలుపులేసుకునేవారు, పోనుపోనూ కబురు పెట్టడం మొదలుపెట్టారు. విననివాళ్లూ ఉన్నారు. ఆ ఇళ్ల గురించి ఆమె మాట్లాడేది కాదు. ఆ ఊళ్ల మీదుగా పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోయేది. నాకు మాత్రం, ఆమె 'ఇది బతికింది' అన్న ప్రతిసారీ, అనకుండా మిగిలిన మాట చెవిలో మోగేది. ఒక సాయంత్రం ఇంటికి నడిచొస్తూ అడిగేశాను. "అత్తమ్మా, నామీద కోపమున్నదా?"

ఆమె కొంగున సబ్బు ముడి బిగించుకుంది. "ఉండె" అంది. "ఇప్పుడు గంత తీరిక లేదు."

తర్వాత నేను చదువుకు సూర్యాపేట వచ్చేశాను. ఆమె ఒక్కతే తిరిగింది. నా కాలు లేకపోయినా ఆమె మాట చాలే రోజులొచ్చాయి. దగ్గర్లోని దవాఖానల్లోనే సూదులు దొరికాయి, పొట్టకు బదులు చేతికి ఇవ్వడం వచ్చింది. అన్నీ చూసి, పళ్లూడి, వెన్ను వంగాక ఆమె కన్నుమూసింది. ఆఖరి రోజుల్లో నేను వెళ్లి పక్కన కూర్చుంటే మామ గురించే మాట్లాడేది. "పిలగాడు ఎండల పడి బెజవాడ పోయిండు, కడుపునిండ తిన్నడో లేదో" అనేది. భర్త గురించి కాక కొడుకు గురించి అన్నట్టుండేది. ఆయనకు ముప్పై నిండలేదు, ఆమెకు ఎనభై దాటింది, అలా అనడంలో వింతేముంది? ఇప్పుడు నేనూ ఆ వయసు దాటాను, నా మనవలు కూడా ఆయనకంటే పెద్దవాళ్లయ్యారు. కాలం అందర్నీ ఆయన్ని దాటించి తీసుకొచ్చింది గాని, కళ్లు మూసుకుని 'మామా' అనుకున్నప్పుడు మాత్రం నాకు తొమ్మిదేళ్లే, తలెత్తి చూడాల్సింది నేనే.